మబ్బులమ్మకు పైకప్పు

బెంగాల్‌లోని ఏక్‌బాల్‌పూర్‌ పేటలో నలభై ఏళ్లుగా మబ్బులమ్మకు ఎండుచేపలు నైవేద్యం పెడుతున్న అమ్మన్నమ్మ కంటికి ఇంకెవరి పూజా ఆనదు. పక్కింటి బెంగాలీలు అదే తల్లిని మేఘరాణి అని సందేశ్ మిఠాయి పెడితే మూతి తిప్పేది. బిహారీలు సత్తుపిండి పెడితే, "ఆ పొడికి అమ్మకి పొలమారదేటి?" అనేది. అయినా అందరూ తల్లిని ఆరుబయటే కొలిచేవారు.

ఈ ఏడు సాల్ట్ లేక్ అనే ఖరీదైన పేటలో ఉండే బ్యాంకు ఆఫీసరు మృత్యుంజయ పాలరాతి గుడి కట్టించి, ఏసీ పెట్టించాడు. వాసనొస్తుందని ఎండుచేపలు వద్దని చెప్పి మరీ అమ్మన్నమ్మను తొలిపూజకు పిలిచాడు. ఆమె పైకప్పుకేసి ఒక్కసారి చూసి, అమ్మవారి ఘటాన్ని చంకనెత్తుకుని వానలోకి నడిచింది.

"అమ్మవారు తడిసిపోతారండీ!" గుమ్మంలోంచే అరిచాడు మృత్యుంజయ.

"వానిచ్చే తల్లికి కప్పేటి? ఆ సల్లగదిలో నువ్వే కూకో బాబూ, ఎండుసేపలు నీకే పెడతాం."