మా అన్న నమ్మిన ఆరు దినాలు

మా అన్న నా కుడి చెవి మీద కొట్టిన దెబ్బకు కారణం బైబిల్లో ఆదికాండం మొదటి అధ్యాయం. ఆస్తి కాదు, పెళ్లి కాదు. దేవుడు లోకాన్ని ఆరు దినాల్లో చేశాడా, కోట్ల ఏళ్లు తీసుకుని చేశాడా అన్నదాని మీద నాచారంలో ఒక ఇంట్లో నెత్తురు కారింది. చెబితే నవ్వుతారు. నవ్వండి. ఆ చెవితో నాకు ఇప్పటికీ సగమే వినిపిస్తుంది.

నేను ఉప్పల్‌లో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో జువాలజీ చెబుతాను. ఆదివారం చర్చిలో పాటలు పాడతాను. జీవపరిణామం పాఠం వచ్చినప్పుడల్లా కాలేజీలో ఎవరో ఒకరు, "మేడం, మీరు క్రిస్టియన్స్ గద, ఇది నమ్ముతరా?" అని అడుగుతారు. చర్చిలోనేమో, "ఆ పాఠం చెప్పేటప్పుడు నోరెట్ల వస్తదమ్మా?" అంటారు. ఇద్దరికీ నా జవాబు ఒకటే. చేసింది దేవుడే, ఆయనకు తొందర లేదు. ఈ జవాబు ఇద్దరికీ నచ్చదు. నాకు మాత్రం దానితో నిద్ర పడుతుంది.

మా అన్న నాచారంలో ఒక ఇంజినీరింగ్ కంపెనీలో ప్రెస్ మిషను మీద పనిచేస్తాడు. ఒకప్పుడు తాగేవాడు. తాగితే మా వదినను కొట్టేవాడు. కొట్టడమంటే రెండు చెంపదెబ్బలు కాదు. ఒకసారి జుట్టు పట్టుకుని మెట్ల మీద నుంచి రోడ్డు దాకా ఈడ్చుకొచ్చాడు. బస్సు కోసం నిలబడ్డ జనం చూసి అటు తిరిగారు. ఒకసారి ఆమె మణికట్టు విరిగింది. కట్టు కట్టించుకుని వచ్చి అదే చేత్తో అన్నం వార్చింది. "పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదు" అని వాడకట్టంతా తేల్చేసింది. నేను కూడా అదే అనుకున్నాను.

కానీ పోయింది. ఉపవాస కూడికలో పాస్టరుగారు, దేవుడు మట్టి ముద్దను మనిషిగా చేసిన సంగతి చెబుతుంటే మా అన్న వెనక వరుసలో కూర్చుని వెక్కివెక్కి ఏడ్చాడు. ఆ మర్నాటి నుంచి ఏళ్ల తరబడి మందు ముట్టలేదు, వదిన మీద చెయ్యి వేయలేదు. అందుకే నెలకోసారి రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభువు బల్ల జరిగే ఆదివారం సాక్ష్యం చెప్పడానికి లేచేవాడు. "నేను మన్ను. ఒక్క దినంల నన్ను మనిషిని జేసిండు" అనేవాడు. ప్రతిసారీ అదే సాక్ష్యం, అవే కన్నీళ్లు. పిల్లలు మూతులు దాచుకుని నవ్వేవారు. మా వదిన మాత్రం నవ్వేది కాదు, మొదటిసారి వింటున్నట్టు వినేది.

వాళ్ల అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం బైపీసీ. డాక్టరు కావాలని దానికి పిచ్చి. ఒక సాయంత్రం ఏడుస్తూ ఫోన్ చేసింది. "అత్తమ్మా, నాయిన నా బుక్కు చింపిండు. జర రా."

ఆటో దిగి వెళ్లేసరికి జువాలజీ పుస్తకం నట్టింట్లో చిందరవందరగా పడి ఉంది. కోతి నుంచి మనిషి దాకా వరసగా నడిచే ఆ బొమ్మ ఉన్న పేజీ నలిగి మంచం కింద ఉంది. అమ్మాయి కింది పెదవి చీలి వాచింది. అన్న తాగలేదు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

"ఏంది చెల్లె ఇది?" అన్నాడు. "గిదేనా మీరు పిల్లలకు జెప్పేది? కోతి కడుపుల పుట్టినమా మనం?"

"కోతి కడుపుల అని ఎవ్వరన్నరన్నా? ఆ బొమ్మ అట్లేసిన్రు గని పాఠం అది కాదు. దేవుడు చేయలేదని నేనంటలేను. నిదానంగ చేసిండంటున్న. ఆయన దినం మన దినం ఒక్కటి కాదని మనమే పాడుకుంటం గద."

"ఆరు దినాలంటె ఆరు దినాలే. అది తప్పయితె ఇగ అన్నీ తప్పే."

"పిల్లను కొట్టుడు ఏ దినంల రాసుంది?" అన్నాను. నా నోరు అంతే. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని మా అమ్మ చెప్పీ చెప్పీ అలసిపోయింది.

అన్న నన్ను కొట్టడానికి లేవలేదు. మంచం పట్టె మీద కూలబడ్డాడు. "మరి నన్నెట్ల జేసిండు? ఒక్క దినంల కాదా? నువ్వు సూడలేదా?" అని అడిగాడు. నాకు అన్న మీద జాలి కలిగింది. కూతుర్ని కొట్టినందుకు కుమిలిపోతున్నాడు అనుకున్నాను. ధైర్యం చెప్పాలనిపించి, పక్కన కూర్చుని భుజం మీద చెయ్యి వేశాను.

"నిన్ను ఇంక చేస్తనే ఉన్నడన్నా. పని అయిపోలే" అన్నాను.

అంత మంచి మాట నా జీవితంలో ఎవరికీ చెప్పలేదనుకున్నాను. మొదటి దెబ్బ చెవి మీద పడింది. గోడకు కొట్టుకుని కింద పడ్డాను. రెండోది ప్లాస్టిక్ స్టూలుతో. స్టూలు కాలు విరిగి, ఆ మొన నా కనుబొమ పైన దిగింది. "అయిపోలేదా? అయిపోలేదా?" అని అరుస్తూ నా జబ్బల మీద, వీపు మీద తన్నాడు. నెత్తురు కంట్లోకి కారి నాకు ఎర్రగా తప్ప ఏమీ కనిపించలేదు.

వదిన పరుగెత్తుకుని రాలేదు. ముందు పొయ్యి మీది నూనె గిన్నె దించి అవతల పెట్టింది. కూతుర్ని రెక్క పట్టి బాత్రూంలోకి నెట్టి, తనూ దూరి గొళ్లెం వేసుకుంది. అన్నేళ్ల తర్వాత కూడా ఆమెకు ఏది ముందో ఏది తర్వాతో గుర్తుంది. నేను పాకుతూ గడప దాటాను. పక్కింటివాళ్లు ఆటో ఎక్కించారు.

దవాఖానాలో డాక్టరు కర్ణభేరికి చిల్లు పడిందని చెప్పి, ఎవరు కొట్టారని అడిగాడు. మా అన్న అన్నాను. ఎందుకని అడిగాడు. సృష్టి గురించి అన్నాను. ఆయన కాసేపు నా మొహం చూసి, తల స్కానింగు కూడా రాశాడు.

మా చర్చిలో ఒక పద్ధతి ఉంది. బల్ల తీసుకునే ముందు ఎవరితోనైనా తగవు ఉంటే అందరి ముందూ వెళ్లి చెయ్యి పట్టుకుని వందనాలు చెప్పి సమాధానపడాలి. అలా సమాధానపడనివాళ్లు రొట్టె ముట్టకూడదు. తర్వాతి బల్ల ఆదివారం నా నుదుటి కుట్లు ఇంకా పచ్చిగానే ఉన్నాయి. అన్న లేచి మైకు పట్టుకున్నాడు.

"నేను కొత్త సృష్టిని. నన్ను దేవుడు ఒక్క దినంల జేసిండు. నా చెల్లెను కొట్టింది నేను కాదు. సైతాను కొట్టిండు" అన్నాడు. జనం "స్తోత్రం" అన్నారు. అన్న నా కుర్చీ దగ్గరికి వచ్చి చెయ్యి చాపాడు. "వందనాలు చెల్లె."

చెయ్యి ఇచ్చి ఉంటే అయిపోయేది. పాస్టరుగారు కూడా కళ్లతోనే ఇవ్వమన్నారు. నా ఒళ్లు మండిపోయింది. నాకు పడ్డ దెబ్బల కన్నా ఆ సాక్ష్యమే ఎక్కువ మండించింది.

"చెయ్యి నీదేనన్నా," అన్నాను. "సైతానుకు చేతులు లెవ్వు."

ఆ తర్వాత జరిగింది ఆ చర్చి ఎప్పుడూ చూడలేదు. మైకు స్టాండు ఎత్తి నేలకేసి కొట్టాడు. అడ్డం వచ్చిన సంఘపెద్దను తోస్తే ఆయన హార్మోనియం మీద పడ్డాడు. కుర్చీలు తన్నుకుంటూ పోయి కిటికీ అద్దాన్ని పిడికిలితో గుద్దాడు, మళ్లీ గుద్దాడు, అద్దం అయిపోయాక చట్రాన్ని గుద్దాడు. పిల్లలు కేకలు పెట్టారు. నలుగురు మీదపడి నేలకు అదిమి పట్టేసరికి అతని చెయ్యి మోచేతి దాకా ఎర్రగా ఉంది. పాస్టరుగారు రొట్టె పళ్లెం మీద తెల్లబట్ట కప్పేశారు. ఆ ఆదివారం బల్ల జరగలేదు. నా వల్లే జరగలేదని సగం మంది అన్నారు. నేను నిజమే చెప్పానని నాకు తెలుసు. ఆ గర్వం నాకు బాగానే ఉండింది.

చర్చి వెనక నల్లా దగ్గర వదిన అన్న చొక్కా ఉతుకుతోంది. నీళ్లు ఎర్రగా మోరీలోకి పోతున్నాయి. నేను వెళ్లి, "పిల్లను తీసుకుని మా ఇంటికి రా వదినా. పోలీస్ స్టేషన్‌కు నేను తోలుకపోత" అన్నాను.

ఆమె చొక్కా పిండుతూనే మాట్లాడింది. గొంతు పెంచలేదు.

"నువ్వు సదువుకున్నదానివి. నువ్వు జెప్పిందే నిజమేమో. కోట్ల ఏండ్లే పట్టిందేమో. నాకు కోతి ఎర్కలేదు, ఆదాము ఎర్కలేదు. ఆయన ఒక్క దినంల మారిండని నమ్మిండు గాబట్టి ఇన్నేండ్లు నా బొక్కలు ఇరగకుంట నాకున్నయి. నువ్వొచ్చి ఇంక కాలేదని జెప్పినవ్. మంచిది. ఎప్పటికైతదో గది గూడ జెప్పు. గప్పటిదాంక నేను యాడుండాలె?"

యుగాలకు యుగాలు కాలేజీలో బోర్డు మీద గీత గీసి చూపించేదాన్ని నేను. సంచిలోంచి మా ఇంటి రెండో తాళంచెవి తీసి ఆమె తడి చేతిలో పెట్టాను. ఆమె వద్దనలేదు. కొంగున ముడివేసి, ఆ ముడి బొడ్లో దోపుకుంది. తడి చొక్కా భుజాన వేసుకుని వెళ్లి, చేతికి గుడ్డ చుట్టుకుని బనీను మీదే బండి స్టార్ట్ చేసి కూర్చున్న అన్న వెనక ఎక్కింది.