సింహాద్రి కోసం కాంచనబురి దాకా

మా శంషాబాద్ బళ్ళో పాఠం చెప్పేటప్పుడు విమానం చప్పుడు పెరిగితే ఆగుతాం, తగ్గాక మళ్ళీ మొదలుపెడతాం. ఏళ్ళ తరబడి ఇలా ఆగుతూ సాంఘిక శాస్త్రం చెప్పిన నేను విమానం ఎక్కింది మాత్రం ఈ జనవరిలోనే. తొమ్మిదో తరగతి పిల్లలు ముప్పై మందిని థాయ్‌లాండ్‌లోని కాంచనబురికి తీసుకెళ్ళాం. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ సైన్యం యుద్ధఖైదీల చేత బర్మా దాకా రైలు మార్గం వేయించింది ఆ ఊరి మీదుగానే. ఆ పనిలో చనిపోయిన సైనికుల శ్మశానం పిల్లలకు చూపించాలని యాజమాన్యం కోరిక. నాకు తోడు సైన్స్ చెప్పే నఫీసా మేడం.

బయలుదేరే ముందే పిల్లలకు ఒక పని అప్పగించాను. ఆ శ్మశానంలో ఉన్నవాళ్ళ పేర్లు నెట్‌లో దొరుకుతాయి. ఒక్కొక్కరికి ఒక్కో సైనికుడి పేరు పంచాను. సమాధి పక్కన నిలబడి అతని గురించి నాలుగు వాక్యాలు చదవాలి, మేం వీడియో తీస్తాం, దానికి మార్కులుంటాయి.

ఉదయం ఏడింటికి విమానాశ్రయం చేరాం. సామాను తూచే వరసలో ఉండగా నీలవేణి నా దగ్గరికి వచ్చింది. వాళ్ళ నాన్న అక్కడే సరుకు రవాణా విభాగంలో పని చేస్తాడు. శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చి శంషాబాద్‌లో కిరాయికి ఉంటున్న కుటుంబం.

"సార్, నాకిచ్చిన పేరు బదులు మా ముత్తాత పేరు చదవొచ్చా? సింహాద్రి."

"ఆయన సైనికుడా?"

"కాదు సార్, కూలీ. మలయాలో రబ్బరు తోటకి పోయాడంట. అక్కణ్ణుంచి సయాం, అదే ఈ థాయ్‌లాండ్, రైలు పనికి తీసుకుపోయారని కబురొచ్చిందంట, మళ్ళీ రాలేదు. అప్పటికి మా నాయనమ్మ చంటిపిల్ల. పోయినట్టు ఎవరూ చెప్పలేదని ఇంతవరకూ కర్మ చెయ్యలేదు సార్. అక్కడ పేరుందో లేదో చూసి రమ్మంది."

నా వెనక ట్రాలీల మీద పెట్టెలు జారిపోతున్నాయి. "అది సైనికుల శ్మశానమమ్మా. కూలీలవి అక్కడుండవు. ఇచ్చిన పేరు చదువు, ఊరికే మార్కులు పోగొట్టుకోకు," అన్నాను. ఆ పిల్ల తలూపి వరసలోకి వెళ్ళిపోయింది. ఆ రైలు పనికి కూలీలు వెళ్ళారా లేదా అన్నది నేను వెతికి కూడా చూడలేదు. పాఠంలో లేదు కాబట్టి లేదనుకున్నాను.

ఆ రాత్రి బ్యాంకాక్‌లో బస. మర్నాడు థోన్‌బురి స్టేషన్‌లో ఎనిమిదింటికి కాస్త ముందు బయలుదేరే రైలెక్కాం. మూడో తరగతి చెక్క బెంచీలు, కిటికీలన్నీ తెరిచే ఉంటాయి. మీరు వెళితే ఎడమవైపు కూర్చోకండి, ఎండ ముఖాన కొడుతుంది. ఒకామె పచ్చి మామిడి ముక్కల మీద ఉప్పూ కారం చల్లి అమ్ముతూ వచ్చింది. రాకేశ్ అనే కుర్రాడు ఒకటి నోట్లో వేసుకుని, "గిది మన కొత్తూరు సంతల మామిడే సార్, మనకన్న ముందుగాల వచ్చి కూసున్నది," అన్నాడు. పదిన్నరకల్లా కాంచనబురిలో దిగాం.

మర్నాడు ఎనిమిదిన్నరకు శ్మశానం తెరవగానే లోపలికి వెళ్ళాం. స్టేషన్ నుంచి నడిచిపోయేంత దూరమే. పొట్టి రాళ్ళు వరసలు వరసలుగా ఉన్నాయి, ఒక్కో రాయి మీద కంచు పలక. పేరు, వయసు, ఇంటివాళ్ళు రాయించిన ఒక మాట. రాళ్ళ మధ్య పూలమొక్కలు.

"ఏంది సార్ గిది, గడ్డి గింత సాపుగ కత్తిరిచ్చిన్రు," అన్నాడు రాకేశ్. "మా ఎడ్లను ఇడిస్తే ఒక్క పూట పని."

"నోరు మూసుకో రా, పడుకున్నోళ్ళు ఇంటరు," అన్నారు నఫీసా మేడం.

నవ్వులు ఎక్కువసేపు లేవు. పలకల మీది వయసులు చదువుతూ పిల్లలే నెమ్మదించారు. నీలవేణి తనకిచ్చిన డచ్చి యువకుడి సమాధి దగ్గర నిలబడి నాలుగు వాక్యాలూ తప్పులేకుండా చదివింది. నేను వీడియో తీసి, బొటనవేలు చూపించి పక్క రాయి దగ్గరికి నడిచాను.

ఆపైన పదిన్నర రైలుకు స్టేషన్‌కి చేరాం. ఆ ఖైదీలు నది మీద కట్టిన వంతెన మీదుగా కొండల్లోకి వెళ్ళాలని ఏర్పాటు. యాత్రలప్పుడు మా బళ్ళో పేర్లు పిలవరు. ఒకరి తరవాత ఒకరు తమ నంబరు అరుస్తారు, పని తొందరగా అయిపోతుంది. పదిహేడు అన్న గొంతు కాస్త బొంగురుగా వినిపించింది. రైలు వచ్చేస్తోందని నేను తల ఎత్తలేదు. ముప్పై నంబర్లూ వచ్చాయి. ఎక్కాం.

రైలు కదిలాక నఫీసా మేడం తలా ఒక బిస్కెట్ పొట్లం పంచారు. చివర ఒకటి చేతిలో మిగిలింది. ఆమె దాన్ని నావైపు చూపించి, "సార్, నీలవేణి ఏది?" అన్నారు.

రాకేశ్ లేచి నిలబడ్డాడు. "శ్మశానం కాణ్ణే ఐదు నిమిషాలల్ల వస్త, జర నా పదిహేడు నంబర్ చెప్పు అన్నది సార్. బాత్రూంకనుకున్న. ఎక్కే ఉంటదనుకున్న."

పరాయి దేశం. ఆ పిల్ల దగ్గర ఫోను లేదు, మేమే తీసుకుని దాచాం. పాస్‌పోర్టు నా సంచిలో ఉంది. ఇక్కడ నిజం రాయాలి. ఆ నిమిషంలో నాకు మొదట కనిపించింది నీలవేణి కాదు. ప్రిన్సిపాల్ గది, పేపర్లో నా ఫోటో.

కొద్ది నిమిషాల్లో వంతెన స్టేషన్ వచ్చింది. అందరినీ దింపేశాం. మేడం పిల్లలతో అక్కడే ఆగారు. నేను మోటారు సైకిలు టాక్సీ ఎక్కి వెనక్కి వచ్చాను. స్టేషన్‌లో లేదు, శ్మశానంలోనూ లేదు. గేటు దగ్గరి మనిషికి సైగలతో జడ, యూనిఫాం చూపించాను. అతను పక్కనే గోడకవతల ఉన్న బౌద్ధుల గుడివైపు చెయ్యి చాచాడు.

గుడి ఆవరణలో ఒక స్తూపం ముందు నేలమీద కూర్చుని ఉంది నీలవేణి. పక్కన చీర కట్టుకున్న ఒక ముసలావిడ. క్షేమంగా ఉంది, అంతే చాలు. కానీ నా చెయ్యి ఆగలేదు. దగ్గరికి వెళ్ళి చెంప మీద కొట్టాను.

ఆ ముసలావిడ లేచి నా మణికట్టు పట్టుకుంది. "సచ్చినోళ్ళ ముందర ఆడపిల్లని కొడతావేటయ్యా?" అంది తెలుగులో.

ఆమె మలేషియా తెలుగావిడ, రిటైరైన టీచరట. తోటలో పుట్టి పెరిగిందట. వాళ్ళ చిన్నాన్నను ఈ రైలు పనికి పట్టుకుపోయారట, అందుకని ఏడాదికోసారి వచ్చి దండం పెట్టుకుంటుందట. శ్మశానంలో నీలవేణి ఆమె చీర చూసి, వెంటపడి ఇక్కడికి వచ్చింది.

"ఇక్కడెవరున్నారు?" అని అడిగాను.

"మనోళ్ళు," అంది. "అరవోళ్ళు, బర్మావోళ్ళు, మలాయోళ్ళు. సైనికుల కన్నా మనోళ్ళే ఎన్నో రెట్లు ఎక్కువ పోయారు. కలరా వొచ్చి గోతుల్లోకి తోసేశారు. తరవాత దొరికిన ఎముకలు దొరికినట్టు తెచ్చి దీనికింద పెట్టారు. మీ పిల్లోళ్ళని పక్క గుమ్మం దాకా తెచ్చి తిప్పుకుపోయావే."

నేను స్తూపం చుట్టూ నడిచాను. తెలుగులో కాదు, ఏ భాషలోనూ ఒక్క మనిషి పేరు లేదు. గోడకవతల ఒక్కో రాయికీ పూలు. ఇవతల ఇన్ని వేలమందికి ఇదొక్కటే. చరిత్ర చెబుతానని చెప్పుకునేవాణ్ణి నేను. కొట్టిన చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

నీలవేణి చెంప ఎర్రబడింది. ఏడవలేదు. "సార్, పేరు లేదు కదా. ఎక్కడ నిలబడి చదవాలి?" అని అడిగింది.

"ఎక్కడైనా," అన్నాను.

లేచి నిలబడింది. "సింహాద్రి, మా నాయనమ్మ వాళ్ళ నాన్న. మాది టెక్కలి దగ్గర. వయసు తెలీదు." అక్కడితో ఆగిపోయింది, నాలుగో వాక్యానికి తన దగ్గర ఏమీ లేదు. నేను వీడియో తీయలేదు.

ఫోన్ చేస్తే నఫీసా మేడం కొండల ప్రయాణం మానేసి పిల్లలందరినీ అక్కడికి తెచ్చారు. రాకేశ్ స్తూపాన్ని పైకీ కిందికీ చూసి, "గంత మందికి ఒక్కటేనా సార్?" అని మెల్లగా అడిగాడు. మేడం చేతులెత్తి దువా చేశారు. మీలో ఎవరైనా వెళితే శ్మశానం చూసి తిరిగిపోకండి. గోడ దాటడానికి టికెట్ లేదు, చెప్పులు విడిస్తే చాలు.

తిరుగు విమానంలో నీలవేణి నా వెనక సీట్లో కూర్చుంది. నేను చేసింది తప్పని చెప్పాను. "నాన్నకి చెప్పకండి సార్, మళ్ళీ ఎక్కడికీ పంపరు," అంది. చెప్పకపోతే నాకూ సుఖమే. ఆ ఆశ శంషాబాద్‌లో దిగేదాకా నన్ను వదల్లేదు.

బయట వాళ్ళ నాన్న డ్యూటీ బట్టల్లోనే నిలబడి ఉన్నాడు. పక్కన సిమెంటు దిమ్మె మీద నాయనమ్మ. దాచకుండా చెప్పేశాను, వదిలేసి రైలెక్కామని, దొరికాక కొట్టానని. అతను కూతురి ముఖం కాసేపు చూశాడు. "నేను దాని మీద ఎప్పుడూ చెయ్యి చేసుకోలేదండి," అన్నాడు.

నాయనమ్మ మా మాటలు పట్టించుకోలేదు. "మా అయ్య పేరుందా బాబూ?"

"లేదమ్మా. అక్కడ కూలీలెవరి పేర్లూ లేవు. అందరినీ కలిపి ఒక్కచోట పెట్టారు. మీ నాన్న అందులో ఉన్నాడని నేను చెప్పలేను."

"చానామందా?"

"చాలామంది. మనవాళ్ళు కూడా."

"అయితే మా అయ్య ఒంటిగా పోనేదు," అని కొడుకు వైపు తిరిగింది. "కర్మ చేయించు."

అతను నన్నడిగాడు. "పంతులుగారు తిథి అడుగుతారు సార్. ఏమని చెప్పమంటారు?"

ఎన్ని యుద్ధాల తేదీలు నేను పిల్లల చేత బట్టీ పట్టించానో. ఈ ఒక్కటీ నా దగ్గర లేదు. నాయనమ్మే అందుకుంది. "కబురు తెలిసిన రోజే తిథిరా. ఇయ్యాలే." కొడుకు భుజం పట్టుకుని లేచింది. "ఇంటికి పదండి, తానాలు చెయ్యాలి."

ముగ్గురూ ఆటో ఎక్కారు. యుద్ధం ఎప్పుడో అయిపోయిందని నేను ప్రతి ఏడూ చెబుతున్నాను. ఆ చావు కబురు ఒక ఇంటికి ఈరోజు చేరింది, మోసుకొచ్చింది నేను. ఇంటికి వెళ్ళాక గడప తొక్కలేదు. బయటే చెప్పులు విడిచి, నీళ్ళు తోడమని మా ఆవిడను కేకేశాను.