తీతీ పులుసు

ఇన్వర్‌కార్గిల్‌కు నర్సు ఉద్యోగానికి వెళ్ళిన మొదటి వారంలోనే పక్కింటి మావోరీ కుటుంబం నన్ను తమలో కలిపేసుకుంది. హీటర్ ఎలా వెయ్యాలో చూపించడానికి వచ్చిన ఆ ఇంటి కోడలు సాయంత్రం దాకా కబుర్లు చెబుతూ కూర్చుంది. ఆ తర్వాత మేమెవరమూ తలుపు తట్టి లోపలికి వెళ్ళిన గుర్తు లేదు.

చలి ముదరకముందే ఆ ఇంటి మగవాళ్ళు దక్షిణపు దీవులకు పడవలో వెళ్ళి తీతీ అనే సముద్రపు పక్షి పిల్లల్ని పట్టి, అక్కడే ఉప్పులో ఊరేసి బకెట్లలో తెస్తారు. ఆ దీవుల మీద హక్కు ఆ వంశాలదే. ఆ ఏడాది మోకాళ్ళు మొండికేసి ఆ ఇంటి పెద్దాయన, కోడలి మామగారు, ఇంట్లో ఉండిపోయాడు. కొడుకు వెళ్ళి తెచ్చిన పక్షుల్ని ముట్టనైనా ముట్టలేదు. తన చెయ్యి పడనిది తనకెందుకన్నాడట. మొగుడి ముఖం చూడలేకపోతున్నానంటూ కోడలు నా దగ్గర కళ్ళు తుడుచుకుంది.

నాకు ఒళ్ళు మండింది. రెండు పక్షులు నాకిమ్మని, ఆదివారం అందరూ మా ఇంటికి భోజనానికి రమ్మన్నాను. మా వైపు కంచం ముందు కూర్చున్నవాళ్ళు వద్దంటే వినే అలవాటు లేదు. పరాయింట్లో పెట్టింది వదిలేయడం వాళ్ళకూ మర్యాద కాదు. ఇక పెద్దాయన ఎటు పోతాడు?

బకెట్ మూత తీస్తే నీచు గుప్పుమంది. కాకినాడలో పుట్టినదాన్ని, నీచుకు జడుస్తానా? పక్షుల్ని పసుపునీళ్ళలో పూటంతా నానబెట్టి, మళ్ళీ మళ్ళీ కడిగి, చింతపండు పోసి చేపల పులుసులాగే దించాను. ఉప్పులో ఊరినవే కదా అని వేరే ఉప్పు వెయ్యలేదు.

ఆదివారం పెద్దాయన చేతులు కట్టుకుని కూర్చున్నాడు. అడక్కుండానే వడ్డించి, గరిటె పట్టుకుని ఆయన పక్కనే నిలబడ్డాను. ఒక ముక్క తిన్నాడు. ఎముక చీకాడు. ఇంకో ముక్క తీసుకున్నాడు.

"ఉప్పు సరిగా పట్టించలేదు నువ్వు," అన్నాడు కొడుకుతో.

ఉప్పంతా నా పసుపునీళ్ళలో పోయిందని చెప్పబోయాను. కోడలు నా చున్నీ పట్టి లాగింది.

"వచ్చే ఏడు నేనూ పడవెక్కుతా. పక్షుల్ని పట్టలేకపోయినా బకెట్ దగ్గర కూర్చోగలను. చూసి నేర్చుకో," అన్నాడు పెద్దాయన.

"సరే నాన్నా, నువ్వే నేర్పించు."

ఏళ్ళ తరబడి ఉప్పు పట్టించి చేయి తిరిగిన కొడుకు ఆ మాట ఎంత సంతోషంగా అన్నాడో. తప్పు నాదని తెలిసీ నోరెత్తకుండా ఉన్నది నా జన్మలో ఆ ఒక్కసారే.