సాంబయ్య గారు ఒప్పుకున్న తప్పు

నిన్న మధ్యాహ్నం వెల్వెట్టు మీద తడిగుడ్డ పరిచి ఇస్త్రీపెట్టె ఆనించాను. గుప్పున ఆవిరి లేచింది. కొత్త గుడ్డ వాసన, రంగు వాసన, బట్టల పెట్టెలో వేసి ఉంచిన కలరా ఉండల వాసన, అన్నీ కలిసి ముక్కుకు తగిలాయి. నేను బొమ్మలు గీసేది ట్యాబ్ మీద. నా కామిక్స్ చదివేవాళ్లు ఫోన్లలో చదువుతారు. ఆ కథల్లోని పాత్రల్లా తయారై హైదరాబాదు మేళాలకు వెళ్లే కుర్రకారుకు దుస్తులు కూడా కుట్టి పంపుతాను. గీసేటప్పుడు ఏ వాసనా ఉండదు. కుట్టేటప్పుడు మాత్రం ఈ వాసన వస్తుంది, వచ్చినప్పుడల్లా నరసరావుపేటలోని సాంబయ్య గారి కొట్టు గుర్తుకొస్తుంది.

ఆయనది పద్యనాటకాలకు దుస్తులు అద్దెకిచ్చే కొట్టు. మా వీధి చివర్లోనే ఉండేది. మా నాన్న రాళ్ల లారీ నడిపేవాడు, సాంబయ్య గారికీ మాకూ బంధుత్వం ఏమీ లేదు. అయినా పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ ఆయన నాకు పెదనాన్నే. సన్నటి మనిషి. మెడలో టేపు లేకుండా నేను ఆయన్ని చూసింది పెళ్లిళ్లలో మాత్రమే. కిరీటాలు, గదలు, రాజుల కోట్లు, రాణుల జాకెట్లు గోడ నిండా వేలాడుతుంటే వాటి కింద కూర్చుని చిరుగులకు మాట్లు వేస్తుండేవాడు.

డిగ్రీ రెండో ఏడాదిలో నేను గీసిన కథకు నేనే కథానాయికలా తయారై ఒక మేళాకు వెళ్లాలని కోరిక పుట్టింది. ట్యాబ్ పట్టుకుని ఆయన కొట్టుకు వెళ్లాను. నా కథానాయిక నల్లటి కవచంలో కత్తి పట్టుకుని కొండ మీద నిలబడి ఉంది. నెల రోజులు కూర్చుని గీసిన బొమ్మ. ఆయన కళ్లజోడు సర్దుకుని చాలాసేపు చూశాడు. మెచ్చుకుంటాడని చూస్తున్నాను.

"బాగానే ఉంది గానీ, ఈ పిల్ల ఎట్టా కూర్చునిద్ది?" అన్నాడు.

"కూర్చోదు పెదనాన్నా, యుద్ధం చేసిద్ది."

"యుద్ధం చేసినోళ్లకే కదే కూర్చోటం కావాల్సింది! సరే, ఇది తొడుక్కోటం ఎట్టా? గుండీల్లేవు, ముళ్లు లేవు. ఒంటి మీదే పుట్టిందా ఏంది?"

నాకు ఒళ్లు మండింది. ఈ ముసలాయనకు డిజైన్ అంటే ఏం తెలుసు అనుకున్నాను. కాని ఇంటికి వెళ్లి బొమ్మ తెరిస్తే, నిజంగానే ఆ పిల్ల ఆ కవచంలోకి ఎలా దూరిందో నాకే తెలియలేదు. మర్నాడు సిగ్గు చంపుకుని మళ్లీ వెళ్లాను. "వస్తావని తెలుసులే, ఆ సూదిలో దారం ఎక్కించు," అన్నాడు. అలా నా చదువు మొదలైంది. కాలేజీలో చదివింది వేరే.

ఆయన కొలతలు తీసే పద్ధతి చూసి మొదట్లో నవ్వొచ్చేది. నటుణ్ని నిటారుగా నిలబెట్టి కొలవడం ఆయనకు గిట్టదు. ఛాతీ చుట్టూ టేపు పెట్టి, "ఊఁ, పద్యం ఎత్తుకో," అనేవాడు. నటుడు గుండెనిండా ఊపిరి తీసి రాగం అందుకుంటే టేపు ఆయన వేళ్ల మధ్య నుంచి జారేది. రాగం తారస్థాయికి వెళ్లినప్పుడు ఎక్కడ ఆగిందో అదే కొలత. తరువాత కూర్చోమనేవాడు, వంగమనేవాడు, గద ఎత్తమనేవాడు. అన్నీ అయ్యాక, "ఏడ నొప్పి?" అని అడిగేవాడు. ఆ జవాబును ఒక గుడ్డ పీలిక మీద పెన్సిలుతో రాసి, కోటు లోపలి వైపు కుట్టేసేవాడు. ఎడమ మోకాలు వంగదు. వీపు మీద దద్దుర్లు, జరీ తగలకూడదు. ఇలాంటి మాటలు. ఎవరి కోటుకూ పేరు ఉండేది కాదు, నొప్పి మాత్రం ఉండేది.

ఆ కోట్లలో ఒకటి అంకయ్య గారిది. మాచర్ల దగ్గర నాపరాళ్ల క్వారీలో బతుకంతా పనిచేసిన మనిషి. వయసులో ఉండగా రాయి పడి కుడి భుజం దెబ్బతింది. రాళ్లు కొట్టి కొట్టి మోటుబారిన ఆ మనిషి రాజు వేషం కడితే మాత్రం జనం రెప్ప వేయకుండా చూసేవాళ్లు. ముప్పై ఏళ్లుగా సాంబయ్య గారి కోటు తప్ప ఇంకొకటి తొడిగి ఎరగడు.

నేను కొట్టులో చేరిన రెండో ఏడు, మా ఊళ్లోనే నాటక పోటీలు పెట్టారు. పోటీకి వారం ముందు సాంబయ్య గారు సత్తెనపల్లిలో ఉన్న కూతురు దగ్గరకు వెళ్తూ, అంకయ్య గారి కోటు నా చేతికిచ్చాడు. "జరీ పాతబడింది, అది మార్చు చాలు," అన్నాడు. జరీ మార్చాను. మార్చి, కొట్టులో కోట్లు తొడిగి చూసే చెక్కబొమ్మకు తొడిగి చూస్తే నా కంటికి ఆనలేదు. కుడి చంక కింద వేరే రంగు గుడ్డతో అరచేతి వెడల్పు ముక్క ఒకటి వేసి ఉంది. దానివల్ల ఆ పక్కంతా వదులుగా, ముడతలుగా వేలాడుతోంది. లోపల పీలిక ఉంది, చదివాను కూడా. కుడి చెయ్యి, అని రెండే మాటలు. ఎప్పటి మాటో, ఈపాటికి తగ్గిపోయి ఉంటుందిలే అనుకున్నాను. ఆ ముక్క విప్పేసి, పక్కలు లోపలికి పట్టి, నడుం దగ్గర ఒంటికి అతుక్కునేలా కుట్టాను. చెక్కబొమ్మ మీద అది నేను ట్యాబ్‌లో గీసిన బొమ్మలాగే కనిపించింది. ఫోటో తీసి, నా డిజైన్ అని నెట్‌లో పెట్టాను. ఎక్కడెక్కడి వాళ్లో మెచ్చుకుంటూ రాశారు. నాకు ఏనుగెక్కినంత సంబరం. కొట్టులోని బొమ్మ ఎన్నడూ చెయ్యెత్తదన్న సంగతి ఆ రోజు నాకు తట్టలేదు.

పోటీ రోజు సాయంత్రం నాలుగింటికి అంకయ్య గారి ప్రవేశం. హడావిడిగా కోటు తొడుక్కున్నాడు, చెయ్యెత్తి చూసుకోలేదు. సాంబయ్య గారు ఊరి నుంచి నేరుగా అక్కడికే వచ్చాడు, అప్పటికే తెర లేచింది. రాజు సభ మధ్యకొచ్చి కత్తి ఎత్తి పద్యం అందుకోవాలి. కత్తి ఛాతీ దాకా లేచి ఆగిపోయింది. ఆయన ఇంకా బలంగా ఎత్తబోయాడు. కోటు బిగదీసింది, ఊపిరి అందలేదు, రాగం మధ్యలో పుటుక్కున తెగింది. దాంతోపాటే వీపు మీద కుట్టు కూడా పర్రున చినిగింది. ముందు వరసలో ఎవరో నవ్వారు. వెనక నుంచి ఈల పడింది. ఆ మనిషి ఎడమ చేత్తో కుడి భుజం పట్టుకుని, మిగిలిన పద్యాన్ని మాటల్లా చెప్పి లోపలికి వచ్చేశాడు.

తెర వెనక కిరీటం తీసి నేలకేసి కొట్టాడు. "ముప్పై ఏళ్ల నుంచి నా చెయ్యి నీకు తెలుసు గదయ్యా సాంబయ్యా! తెలిసి ఇట్టా జేత్తావా? నలుగుర్లో నన్ను నవ్వులపాలు జేశావు గదయ్యా!"

సాంబయ్య గారు చినిగిన కోటును చేత్తో తడిమాడు. చంక దగ్గర ఆ చెయ్యి ఆగింది. ఒక్కసారి నా వైపు చూశాడు. నా చేతిలో ఫోను ఉంది, మెచ్చుకోళ్లు ఇంకా వస్తూనే ఉన్నాయి.

"తప్పు నాదే అంకయ్యా. నేనే తీశా ఆ ముక్క," అన్నాడు.

నాది అని రెండక్షరాలు అంటే సరిపోయేది. అనలేదు. "ఇంక నీ గుడ్డ నా ఒంటి మీద పడితే ఒట్టు. అసలు మొకానికి రంగేసుకుంటేనే ఒట్టు," అని అంకయ్య గారు మొహం కూడా సరిగ్గా కడుక్కోకుండా వెళ్లిపోయాడు.

సాంబయ్య గారు తిడతాడని భయపడ్డాను. తిట్టలేదు. మర్నాడు పొద్దున్నే ఆ కోటుకు వీపు కుట్టేసి, నాకు తొడిగి, కుడి చంకలో పిడికెడు గుడ్డలు కుక్కాడు. "పో, దండెం మీద బట్టలు ఆరేసిరా," అన్నాడు. బకెట్టు నిండా తడిబట్టలు. ఒక్క చీర దండెం మీదికి విసరడానికి నాకు చెమటలు పట్టాయి. మూడో చీర కిందపడి మట్టయింది. అరుగు మీది నుంచి చూస్తూ, "సరే, ఇప్పు," అన్నాడు. అంతే. మళ్లీ ఆ ఊసెత్తలేదు.

ఆయన ఎత్తకపోయినా ఊరు ఊరుకుంటుందా? సాంబయ్యకు చూపు మందగించిందన్నారు. ఒళ్లు దగ్గర పెట్టుకుని కుట్టడం లేదన్నారు. మాచర్ల వైపు నాటక సమాజాలు ఒక్కొక్కటే వేరే కొట్టు చూసుకున్నాయి. నా పని మాత్రం మూడు పువ్వులు ఆరు కాయలుగా సాగింది. కామిక్స్ జనం చదివారు, దుస్తులకు పేరొచ్చింది. "మీ పాత్రలు నిజంగా ఊపిరి తీసుకుంటున్నట్టు ఉంటాయండీ," అని ఎవరైనా అంటే నేను మాట మార్చేదాన్ని. ఆ ఊపిరి ఎవరు నేర్పారో నాకు తెలుసు, ఆయన పేరు ఎవరివల్ల పోయిందో కూడా తెలుసు. ఎనిమిదేళ్లు కుక్కిన పేనులా ఉన్నాను. ఇంతకంటే పిరికితనం ఉంటుందా?

పోయినేడు ఆయన మంచం పట్టాడు. కొట్టు మూసేశారు. చూడటానికి వెళ్తే, గోడ మీద మిగిలిన రెండు కోట్లు చూపించి, "ఇయ్యి ఎవురూ తీసుకోరులే. సాంబయ్య గుడ్డంటే భయం జనానికి," అని నవ్వాడు. ఆ నవ్వు భరించలేకపోయాను. మర్నాడే మాచర్ల బస్సెక్కాను.

అంకయ్య గారు వాకిట్లో మంచం అల్లుతున్నాడు. నేనెవరో చెప్పాను. ఆ ముక్క నేనే విప్పానని, పీలిక చదివి కూడా విప్పానని చెప్పాను. ఆయన నవారు పక్కన పెట్టాడు.

"మరి ఇన్నేళ్లు నేను తిట్టింది ఎవర్నమ్మా?" అన్నాడు. తరువాత లోపలికి వెళ్లి చొక్కా వేసుకుని వచ్చి, "పద," అన్నాడు.

సాంబయ్య గారి మంచం పక్కన కూర్చుని ఆయన మొదట చేసింది పోట్లాటే. "అబద్ధమెందుకాడావయ్యా పెద్దమనిషివి?"

"నీకు కోపమొస్తే ఇంకో కొట్టుకు పోతావు. ఈ పిల్ల మీద నువ్వు ఆ రోజు అరిస్తే ఇది సూది పారేసి పోయేది," అన్నాడు సాంబయ్య గారు, పెద్ద విషయం కానట్టు. నేను ఏడుస్తూ ఆయన కాళ్ల దగ్గర కూలబడ్డాను. ఆయన విసుక్కున్నాడు. "చెప్పావు, నీ బరువు దించుకున్నావు. మరి వీడి సంగతేంది? రంగు లేకుండా ఎనిమిదేళ్లు కూర్చున్నాడు. లేచి కోటు కుట్టు."

అంకయ్య గారు ఒట్టు పెట్టానన్నాడు. "అబద్ధం మీద పెట్టిన ఒట్టు చెల్లదులే," అన్నాడు సాంబయ్య గారు.

సాంబయ్య గారి ముందే అంకయ్య గారి కొలతలు తీశాను. ఎనిమిదేళ్ల తరువాత అంకయ్య గారు పద్యం ఎత్తుకుంటే ఆ చిన్న గది నిండిపోయింది. టేపు నా వేళ్ల మధ్య నుంచి జారుతుంటే సాంబయ్య గారు కళ్లు మూసుకుని విన్నాడు. కోటు పూర్తయ్యేసరికి ఆయన లేడు. కర్మకాండలు ముగిసిన నెలకు, అంకయ్య గారి ఊళ్లో, పగటి పూటే నాటకం వేశారు.

తెర లేవకముందు మైకు అడిగి తీసుకున్నాను. నలుగురిలో మాట్లాడటం నాకు చేతకాదు. ఆ రోజు కోటు పాడు చేసింది సాంబయ్య గారు కాదని, నేనని, ఆయన నా కోసం నింద మోశాడని చెప్పాను. దిగి వచ్చి ముందు వరసలో కూర్చున్నాను. రాజు వచ్చాడు. ఊపిరి తీశాడు. కత్తి ఛాతీ దాటింది, భుజం దాటింది, కిరీటం కంటే పైకి లేచింది. జనమంతా ఆయన మొహం చూస్తున్నారు, నేను మాత్రం చంక వైపు చూస్తున్నాను. గుడ్డ ఎక్కడా బిగదీయలేదు. రాగం సాగుతూనే ఉంది, ఈలలు మొదలయ్యాయి, ఈసారివి వేరే ఈలలు. "చూశావా పెదనాన్నా," అని పైకే అన్నాను. పక్కనున్న ముసలమ్మ నన్ను ఎగాదిగా చూసి, "ఏందమ్మాయ్, ఎవురితో మాట్లాడతన్నావు?" అంది. నేను మా పెదనాన్న గురించి చెప్పడం మొదలుపెట్టాను.