సిగరెట్ మానేశాక చదివిన చాప్టరు

మా గైడుగారు సిగరెట్ లేనిదే అక్షరం చదవలేరు. లాలాగూడ రైల్వే కుటుంబాల మీద నేను చేస్తున్న పీహెచ్‌డీని ఆయన పేజీల్లో కాక సిగరెట్లలో కొలిచేవారు. “అమ్మాయ్, నీ రెండో చాప్టరు మూడు సిగరెట్లు పట్టింది, కాస్త తగ్గించు” అనేవారు. ఆఖరి పీక ఆర్పి, మొదటి పేజీ మీద సంతకం పెట్టి ఇచ్చేవారు. ఒక్క తప్పూ పట్టేవారు కాదు. నా అంత అదృష్టవంతురాలు క్యాంపస్‌లో లేదనుకునేదాన్ని.

ఇబ్బందల్లా పొగతోనే. సాయంత్రం సీతాఫల్‌మండిలో ఇంటికి చేరగానే అమ్మ నా జడ వాసన చూసి, “ఎవరే ఆ అబ్బాయి?” అని మొదలుపెట్టేది. ఆ అబ్బాయికి యాభై ఎనిమిదేళ్లని చెప్పినా నమ్మేది కాదు. ఒళ్లు మండి ఒకరోజు, పనిచేసే చోట పొగతాగడం చట్టరీత్యా నేరమని గుర్తుచేస్తూ అర్జీ రాసి, పేరు పెట్టకుండా డిపార్ట్‌మెంట్ ఫిర్యాదుల పెట్టెలో వేశాను. ఇలాంటివి ఎవరు చదువుతారులే అని ధైర్యం.

చదివారు. వారం తిరక్కుండా గోడలన్నిటికీ ‘పొగ తాగరాదు’ బోర్డులు వచ్చాయి. వాటిని అమలు చేసే పని అటెండరుకు అప్పగించారు. అన్నేళ్లూ గైడుగారికి సిగరెట్లు తెచ్చిపెట్టింది అతనే. ఇప్పుడు చంకలో నోట్‌బుక్కుతో వచ్చి, “సార్, గీడ తాగొద్దు. మీ పేరు రాస్కోవాల్సి వస్తది” అన్నాడు.

అప్పటికి నాకు మిగిలింది నాలుగో చాప్టరు ఒక్కటే. నెలాఖరులోగా అన్ని చాప్టర్ల మీదా గైడు సంతకంతో సబ్మిట్ చేయకపోతే నా రిజిస్ట్రేషన్ రద్దవుతుంది. గైడుగారేమో మొదటి వాక్యం దగ్గరే ఆగి, జేబు తడుముకుని, నిట్టూర్చి మూసేసేవారు. ఇంట్లో చదవమందామంటే, అక్కడ వాళ్లావిడ ఏ బోర్డూ లేకుండానే చట్టం అమలు చేస్తున్నారు.

అడిగి మరీ తెప్పించుకున్న చట్టాన్ని తప్పించే పనిలో నేనే పడ్డాను. డిపార్ట్‌మెంట్ డాబా మీద నీళ్ల ట్యాంకు వెనక కుర్చీ వేయించాను. ఆయన అగ్గిపుల్ల గీశారో లేదో, అటెండరు మెట్లెక్కి వచ్చేశాడు. “ఏంది మేడమ్, చదువుకున్నోళ్లు మీరే గిట్ల చేస్తే ఎట్ల?”

ఇక క్యాంపస్ బయట తార్నాక రోడ్డే గతి. బస్‌స్టాపుకు దూరంగా నిలబడి ఆయన సిగరెట్ కాలుస్తుంటే, ఆటోల హారన్లను మించిన గొంతుతో నేను చాప్టరు చదవడం మొదలుపెట్టాను. ‘రైల్వే క్వార్టర్ల స్త్రీలకు మధ్యాహ్నాలు పూర్తిగా విశ్రాంతి’ అన్న వాక్యం దగ్గర, కూరల సంచితో పోతున్న ఒకావిడ ఠక్కున ఆగింది.

“మాది లాలాగూడనే. మధ్యాహ్నం మాకు రెస్టా? ఎవలమ్మా గిది రాసింది?”

గైడుగారు వేలెత్తి నన్ను చూపించారు.

“మరి ఈ సారెవరు?”

“మా గైడు. నేను రాసింది చూసి దిద్దుతారు” అన్నాను.

“గిదేనా దిద్దుడు?” అనేసి ఆవిడ వెళ్లిపోయింది. గైడుగారి ముఖం మాడిపోయింది. సగం కాలిన సిగరెట్‌ను చెప్పు కింద నలిపేసి, “ఈ అవస్థ నాకొద్దు అమ్మాయ్. మానేస్తున్నా” అన్నారు.

నిజంగానే మానేశారు. మూడు రోజులు సోంపు నములుతూ కనిపించిన వాళ్లందరి మీదా విసుక్కున్నారు. నాలుగో రోజు నన్ను గదికి పిలిచి, ఎర్ర పెన్ను తీసి, తలెత్తకుండా రెండు గంటలు చదివారు. చాప్టరంతా ఎర్రబడింది. నాకు ఏడుపొక్కటే తక్కువ.

“మిగతావీ ఇలాగే ఉన్నాయా? పట్రా” అన్నారు.

తెచ్చాను. మొదటి చాప్టరు రెండు పేజీలు తిప్పేసరికి ఆయన కోపం నషాళానికంటింది. “ఇంత ఘోరంగా ఉంటే దీన్ని ఓకే చేసిన మహానుభావుడెవడు?”

“మీరే సార్. సంతకం ఉంది.”

కళ్లజోడు సవరించుకుని ఆ సంతకాన్ని చాలాసేపు చూశారు. తర్వాత దాన్ని కూడా ఎర్ర పెన్నుతో కొట్టేశారు.