ఆపి చూసే పెద్దాయన

మా కడప ఆఫీసులో మేం రాసిన సాఫ్టువేరు టెస్టులు సరిచూసే పెద్దాయనది మైదుకూరు. దేన్నయినా ఆపి చూస్తేగాని నమ్మడు.

డేటాబేసుతో మాట్లాడించే కొత్త డ్రైవరుతో మా జావా ప్రోగ్రాము పొసగుతుందో లేదో తేల్చే టెస్టులు నేను రాశాను. అన్నీ పాసయ్యాయి. మర్నాడే విడుదల. ఆయన ఒక్క లైనూ చదవకుండా డేటాబేసునే ఆపేసి, మళ్లీ నడపమన్నాడు. మళ్లీ అన్నీ పాసయ్యాయి!

"ఏమప్పా, డేటాబేసే లేకపాయె, ఇవి ఎవురితో మాట్లాడొచ్చినాయి?"

డేటాబేసు బదులు ఉత్తుత్తి జవాబులు నేనే రాసిపెట్టుకున్న సంగతి బయటపడింది. విడుదల ఆగింది. మనసులో ఆయన్ని తిట్టని తిట్టు లేదు.

ఆయన రిటైరైన రోజు మైకు పట్టుకుని, "సార్ లేకుంటే ఈ ఆఫీసు నడవదు" అని నేనే పొగిడాను.

ఆయన లేచి, "రేపు నేనుండను గదా, నడిపి చూడండప్పా" అన్నాడు.