సోలారు పలకలకు బొట్టు

తన బిందెలు ముందు నిండాలనే మారెమ్మ సోలారు పలకల మీది కుంకుమ తుడిచేసిందని 2005 దసరా తర్వాత మా ఊరంతా చెప్పుకుంది. మొగుడు లేని ఆడది అమ్మవారి బొట్టు చెరిపింది కాబట్టి ఇక వానలు రావని కూడా కలిపారు. ఆ మాట మండల కేంద్రం పెద్దపంజాణి దాకా పోయింది.

అంతకు రెండేళ్ళ ముందు మా నీళ్ళ ట్యాంకు పక్కన ఎండతో నడిచే మోటారు పెట్టారు. దానికి ఎనిమిది పలకలు. వాటి మీద దుమ్ము తుడిచే పని ఎవరూ అడగలేదు కాబట్టి మారెమ్మకు దక్కింది. ట్యాంకు మా మిద్దెకు ఎదురుగానే ఉంది. ఎనిమిదో తరగతితో బడి మాన్పించాక నేను రోజూ చూసేది దాన్నే.

పలకలు బిగించిన పుంగనూరు మెకానిక్ శివకుమార్, మీద పడే ఎండలో నూటికి పదమూడు పాళ్ళే కరెంటు అవుతుందని ఊరివాళ్ళందరి ముందు చెప్పాడు. ఊరి పెద్దమనిషి చిన్నప్ప లేచి నిలబడ్డాడు.

"మిగిలిన ఎనబై ఏడు పాళ్ళు ఎవురు తింటాండారప్పా?"

కొంత అద్దం మీదనుంచే వెనక్కి పోతుందని, చాలావరకు వేడిగా పోతుందని శివకుమార్ ఓపికగా చెప్పాడు. చిన్నప్ప నమ్మలేదు. ఎవరూ తినకుండా పోయేది ఒకటుంటుందని ఆయనకు ఎలా తెలుస్తుంది? ఊళ్ళోకి వచ్చిన ప్రతివాడికీ ఆ ఎనభై ఏడు పాళ్ళ దొంగతనం గురించి చెప్పేవాడు. మారెమ్మ మాత్రం మెకానిక్ చెప్పిన ఇంకో మాట పట్టుకుంది. పలకలోని నల్ల బిళ్ళలు గొలుసులాగా కలిపి ఉంటాయి, ఒక్కదాని మీద నీడ పడినా వరుసంతా నీరసిస్తుంది.

2005లో ఆయుధపూజ నాడు ట్రాక్టర్లకు చేసినట్టే పలకలకూ పూజ చేయించాడు చిన్నప్ప. పలకకు మూడు విభూది పట్టెలు, మధ్యలో అరచేయంత గంధం, దాని మీద కుంకుమ, పైనుంచి బంతిపూల దండలు. పదమూడు పాళ్ళు చాలవని ఏడ్చిన మనిషి ఆ పదమూడింటి మీదా పూసేశాడు. తొమ్మిది రోజులు పలకలు ముట్టుకోవద్దని, ముట్టుకుంటే పని పోతుందని మారెమ్మకు గట్టిగా చెప్పాడు.

ఆ మధ్యాహ్నం ట్యాంకులో మోకాటి లోతు నీళ్ళు కూడా లేవు. మర్నాడూ అంతే. ఇంటికి రెండు బిందెలే అన్నారు. పూజలో కొట్టిన కొబ్బరికాయ కుళ్ళిందని, అందుకే ఇలా అయిందని చిన్నప్ప తేల్చాడు. పదిమంది పెద్దలు తలలూపారు. ఒక్కరైనా ఆ తల పలకల వైపు తిప్పలేదు.

మూడో రోజు పొద్దున్నే మారెమ్మ దండలు తీసి పక్కన పెట్టింది. తడిగుడ్డతో ఎనిమిది పలకలూ తుడిచింది. చిన్నప్ప పరుగున వచ్చాడు.

"బొట్టు సెరిపేదానికి నీకెన్ని గుండెలే?"

"బొట్టు ఎండను ఆపుతాండాదప్పా," అంది మారెమ్మ, చేతిలో గుడ్డ పిండుతూ. "మద్దేనానికి ట్యాంకు నిండకుంటే మళ్ళా పెట్టుకోండి."

పదకొండున్నరకే ట్యాంకు పొంగింది. అందరూ బిందెలతో వీధి కొళాయిల మీద ఎగబడ్డారు. నిండిన బిందె చంకన పెట్టుకొనే, ఆమెను పనిలోంచి తీసేయాలన్నారు. సాయంత్రానికి తీసేశారు. మా ఇంట్లోనూ ఆ రోజు నాలుగు బిందెలు నింపుకున్నాం.

ఆ ట్యాంకు నుంచి మారెమ్మ వాళ్ళ వీధికి మొదట్నుంచీ పైపు వేయలేదు. ఆమె, ఆ వీధివాళ్ళు గంగప్ప అనే రైతు చేనులోని బోరు దగ్గరే బిందెలు నింపుకునేవాళ్ళు.